పాత కంప్యూటర్‌లోంచి ఆధార్ కాపీలు మళ్ళీ దొరక్కుండా చెరపడం ఎలా?

తిరుపతిలో కాపురం ఉన్నాక ఇంటి కంప్యూటర్‌లో చుట్టాల ఆధార్ కాపీలు చేరక తప్పదు. 300 రూపాయల దర్శనానికని ఒకరు, కొండపైన గదికని ఇంకొకరు వాట్సాప్‌లో పంపుతూనే ఉంటారు. వాటి పక్కనే మన పాన్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి దస్తావేజు స్కాను. ఆ కంప్యూటర్‌ని ఎక్స్ఛేంజికి ఇచ్చే రోజున రీసైకిల్ బిన్ ఖాళీ చేసి చేతులు దులుపుకుంటారు. షిఫ్టు నొక్కి డిలీట్ కొట్టినా సరే, విండోస్ చేసేదల్లా 'ఈ చోటు ఖాళీ' అని రాసుకోవడమే. దాని మీద ఇంకోటి పడేదాకా ఫైలు అక్కడే ఉంటుంది. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్ చాలు బయటికి లాగడానికి.

కావలసినవి: అడ్మిన్ పాస్‌వర్డు, ఛార్జరు (డెస్క్‌టాప్ అయితే యూపీఎస్), దాచుకోవాల్సిన వాటికి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. పెన్‌డ్రైవ్ వద్దు, ఎక్కడో పారేసుకుంటారు. డబ్బు పెట్టి 'ష్రెడ్డర్' సాఫ్ట్‌వేర్ కొనడం దండగ.

కావలసినవి కాపీ చేసుకుని, అవి ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఇక ఏరివేత. డెస్క్‌టాప్, స్కానర్ ఫోల్డరు, వాట్సాప్‌లోంచి సేవ్ చేసినవి, అన్నిటికంటే ముఖ్యంగా డౌన్‌లోడ్స్. మొదటిది ఎక్కడుందో కనబడక మళ్ళీ మళ్ళీ దించుకున్న అదే ఆధార్ అక్కడ పేరు చివర 1, 2, 3 తగిలించుకుని కూర్చుని ఉంటుంది. వన్‌డ్రైవ్ ఉంటే దాని రీసైకిల్ బిన్ వేరు, సొంత ఖాతాలో 30 రోజులు ఉంచుతుంది. రెండు బిన్‌లూ ఖాళీ చేయండి.

ఇప్పుడు అసలు పని. కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ పేరు కింద హెచ్‌డీడీ (లోపల పళ్ళెం తిరిగే హార్డ్ డిస్కు) అని ఉందా, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో రాసుకునే డిస్కు) అని ఉందా? ఇది చూడకుండా ముందుకు పోవద్దు. జనం తప్పు చేసేది ఇక్కడే.

హెచ్‌డీడీ అయితే ఖాళీ చోటంతా తుడిచే ఏర్పాటు విండోస్‌లోనే ఉంది. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) వెతికి, దాని మీద రైట్ క్లిక్ కొట్టి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇంగ్లీషులో సి, ఐ, పి, హెచ్, ఇ, ఆర్ కొట్టి ఒక స్పేస్ ఇవ్వండి. తర్వాత ముందుకు వాలిన స్లాష్, డబ్ల్యు, కోలన్, డ్రైవు అక్షరం, మళ్ళీ కోలన్, వెనక్కి వాలిన స్లాష్. వీటి మధ్య స్పేస్ ఉండకూడదు. డబ్ల్యు బదులు ఇ కొడితే అది ఎన్‌క్రిప్ట్ చేసే (తాళంచెవి లేకుండా చదవలేనట్టు ఫైళ్ళను మార్చే) ఆదేశం, వేరే పని. డబ్ల్యు ఆదేశం ఉన్న ఫైళ్ళ జోలికి పోదు, ఖాళీ జాగానే మూడుసార్లు నింపుతుంది: ఒకసారి సున్నాలతో, ఒకసారి ఒకట్లతో, చివరిసారి అడ్డదిడ్డమైన అంకెలతో. సి, డి అని రెండు డ్రైవులుంటే రెండిటికీ విడివిడిగా చేయాలి.

ఒక టెరాబైటు ఖాళీ ఉంటే, సెకనుకు 100 మెగాబైట్ల లెక్కన ఒక్కో విడతకు దాదాపు మూడు గంటలు. అందుకే రాత్రి పడుకునే ముందే మొదలుపెట్టాలి. తెరమీద చుక్కలు తప్ప ఏమీ కనబడవు, హ్యాంగ్ అయిందనుకుని మూసేయకండి. మధ్యలో 'డిస్కు నిండిపోయింది' అని హెచ్చరిక వస్తుంది. నింపడమే దాని పని కాబట్టి పట్టించుకోవద్దు. కరెంటు పోయి సగంలో ఆగితే డ్రైవులో ఇ, ఎఫ్, ఎస్, టి, ఎం, పి, డబ్ల్యు, పి అనే ఫోల్డరు ఖాళీ జాగానంతా మింగేసి మిగిలిపోతుంది. దాన్ని డిలీట్ చేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టండి.

35 సార్లు తుడవాలనే మాట 1996 నాటి కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ గుట్‌మన్ వ్యాసంలోంచి వచ్చింది. అది అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ కలిపి వేసిన లెక్క. ఇప్పటి డిస్కులకు అది అక్కర్లేదని ఆయనే తర్వాత చెప్పాడు. ఇంకా దాన్నే పట్టుకుని వేలాడేవాళ్ళున్నారు.

ఎస్ఎస్‌డీ అయితే పైదంతా మరిచిపోండి. చిప్పులు త్వరగా అరగకుండా డిస్కే రాతను చోట్లు మార్చి రాసుకుంటుంది. మీరు పాతదాని మీద రాస్తున్నామనుకుంటారు, అది వేరే గదిలో రాస్తుంది. దీనికి మందు ఎన్‌క్రిప్షన్. విండోస్ 11 సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, ప్రో వెర్షన్‌లో అదే పని చేసే బిట్‌లాకర్. బిట్‌లాకర్ అడిగినప్పుడు 'వాడిన చోటు మాత్రమే' కాకుండా 'మొత్తం డ్రైవు' ఎంచుకోవాలి. లేకపోతే డిలీట్ చేసిన పాతవి ఎన్‌క్రిప్ట్ కావు. కొన్న రోజే ఇది ఆన్ చేసి ఉంటే సగం తలనొప్పి ఉండదు.

అమ్మే ముందు విండోస్ రీసెట్‌లో 'అన్నీ తీసేయి' అనేదాంతో ఆగిపోతారు. దాని కింద 'చేంజ్ సెట్టింగ్స్' నొక్కి 'క్లీన్ డేటా' ఆన్ చేయాలి. డిస్కు కంపెనీ ఇచ్చిన సెక్యూర్ ఎరేజ్ (డిస్కు మొత్తాన్నీ తుడిచే ఏర్పాటు) ఉంటే అది ఇంకా మేలు.

హార్డ్ డిస్కులో చెరిపాక రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఒకసారి వెతకండి. ఫైళ్ళ పేర్లు కొన్ని కనబడొచ్చు, కంగారు పడకండి, తెరిస్తే లోపల ఏమీ ఉండకూడదు. అసలు ఆన్ కాని డిస్కుకు ఇవేవీ పనికిరావు. దాన్ని కంప్యూటర్‌లోంచి ఊడదీసి దగ్గర పెట్టుకుని, మిగతాదే ఎక్స్ఛేంజికి ఇవ్వండి.