వీల్‌చైర్ కొనే ముందు టేపు తీయండి

▢ ముందుగా బాత్రూం తలుపు. తలుపు పూర్తిగా తెరిచి, మిగిలే ఖాళీని కొలవండి. మేస్త్రీ చెప్పే అంకె గోడలో వదిలిన సందుది, దాన్ని నమ్మొద్దు. మామూలు వీల్‌చైర్ చక్రాలతో కలిపి 24 నుంచి 26 అంగుళాలుంటుంది. చక్రం తిప్పే చేతులకు ఇంకాస్త జాగా కావాలి. మేం కుర్చీ వచ్చాక కొలిచాం. అది హాల్లోనే ఆగిపోయింది.

▢ ర్యాంపుకు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. ఆరంగుళాల మెట్లు మూడుంటే 18 అడుగులన్నమాట. జాగా లేదని నిటారుగా పోయిస్తే తోసేవాళ్ల నడుం పోతుంది, దిగేటప్పుడు కుర్చీ జారుతుంది. మధ్యలో మలుపు తిప్పించండి. పైన నున్నటి టైల్స్ వద్దు, చీపురుతో గీతలు గీసిన సిమెంటు చాలు.

▢ గడప తీయడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. గొడవెందుకు? రెండువైపులా ఏటవాలు చెక్కలు పెడితే పసుపూ ఉంటుంది, చక్రమూ దాటుతుంది.

▢ కమోడ్ పక్కన కడ్డీ గోడలోకి గట్టిగా దిగాలి. టైల్‌కు అంటిస్తే మనిషి బరువుకు ఊడి వస్తుంది.

▢ సీటు తుంటి కొలత కంటే ఒకటి, రెండు అంగుళాలు ఎక్కువుంటే చాలు.

▢ డబ్బు కట్టే ముందు వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ ఉన్నాయో చూసుకోండి. వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉండి, ఆదాయం పరిమితిలోపు ఉంటే, దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఎడిప్ పథకం కింద ప్రభుత్వ సంస్థ అలింకో తయారుచేసే వీల్‌చైర్ లాంటి పరికరాలు ఉచితంగా రావచ్చు. ఉచితమే కదా అని ఏదో ఒకటి తెచ్చుకోకండి, కూర్చుని చూశాకే సంతకం పెట్టండి.