‘మీ అకౌంట్ ఆపేస్తాం’ అని మెయిల్ వస్తే

నిన్న రాత్రి బాబాయి ఫోన్. "ఒరేయ్, 24 గంటల్లో నా జీమెయిల్ మూసేస్తారటరా, లింకు నొక్కేదా?" ఆగు బాబాయ్, ముందు పంపినవాడి పేరు మీద నొక్కి చూడు అన్నా. పైన పేరు గూగులే. కింద అడ్రస్‌లో ‘ఎట్’ గుర్తు తర్వాత మాత్రం ఊరూ పేరూ లేని ఏదో డొమైన్ (సైటు పేరు)! పేరుదేముంది, ఎవడైనా ఏదైనా పెట్టుకుంటాడు.

ఇక లింకు. నొక్కకుండా వేలు అలాగే అదిమి పట్టుకుంటే అసలు చిరునామా కనిపిస్తుంది. దాన్ని ‘https://’ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దగ్గర్నుంచి వెనక్కి చదవాలి. ‘గూగుల్ డాట్ కామ్ డాట్ లాగిన్‌చెక్ డాట్ ఎక్స్‌వైజెడ్’ అని ఉంటే ఆ సైటు లాగిన్‌చెక్ వాడిది, గూగుల్‌ది కాదు. మన బ్యాంకుల సైట్లకైతే రిజర్వ్ బ్యాంకు 2025లో ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ తప్పనిసరి చేసింది, కాబట్టి నకిలీలను పట్టుకోవడం ఇంకా తేలిక.

పంపినవాడి అడ్రస్ బాగానే ఉన్నా పూర్తిగా నమ్మకండి, దాన్నీ నకిలీ చేసేవాళ్లున్నారు. నేనైతే మెయిల్ పక్కన పడేసి, గూగుల్ ఖాతా నేరుగా తెరిచి సెక్యూరిటీ పేజీ చూస్తా. ఎవరో లాగిన్ అయ్యారన్న హెచ్చరిక నిజమైతే అక్కడా కనిపిస్తుంది. బాబాయి ఖాతాలో ఏమీ లేదు.

ఇప్పటికే ఆ లింకులో పాస్‌వర్డ్ టైప్ చేసేశారా? అసలు సైటులోకి వెళ్లి వెంటనే మార్చండి, మిగతా ఫోన్లన్నిట్లో సైన్ అవుట్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.