జంటగా తీర నగరం చుట్టూ ఒక్కరోజు షికారు: బయల్దేరే ముందు జాగ్రత్తలు

సెలవులొస్తున్నాయి కదా, ఈ నాలుగూ ముందే చూసుకోండి.

• పోటు ఎప్పుడో తెలుసుకోండి. ఆటు వేళ హాయిగా నడిచి వెళ్ళిన రాళ్ళ దారి పోటులో మునిగిపోతుంది, ఇద్దరూ అవతలే చిక్కుకుపోతారు. చాలా తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యం, నిన్నటి టైమ్ ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్ళు ఇంకా పైకొస్తాయి.

• అలలు విరుచుకుపడే రెండు చోట్ల మధ్య నిశ్చలంగా కనిపించే చోట దిగకండి. లోపలికి లాగే ప్రవాహం తరచుగా అక్కడే ఉంటుంది. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, తీరం వెంబడి పక్కకు ఈదాలి. ఒకరు కొట్టుకుపోతుంటే రెండోవారు వెనకే దూకేయొద్దు. తేలే వస్తువేదైనా విసిరి, సాయానికి కేకేయండి. ఇది బయల్దేరక ముందే ఇద్దరూ మాట్లాడుకోవాలి, ఆ క్షణంలో ఆలోచన రాదు.

• చివరి బోటు, చివరి బస్సు టైమ్ రాసుకోండి. సెలవురోజు వేళలు వేరుగా ఉండొచ్చు. దానికి ముందుదే ఎక్కేలా ప్లాన్ చేసుకుంటే సాయంత్రం టెన్షన్ ఉండదు.

• చల్లగాలిని నమ్మకండి. ఎండ తెలియదు గానీ చర్మం కమిలిపోతుంది, మబ్బు పట్టినా అంతే.

ఇక రోజుకు ఒక్క చోటు చాలు. టికెట్లు మాత్రం ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.