మీమీద ఎండ కాస్తుంటుంది, పై కొండ మీద వాన పడుతుంటుంది

2024 జులై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీదికి కొండ జారింది. అప్పుడు జనం నిద్రలో ఉన్నారు. అయినా వానలు పట్టగానే సీమ నుంచి కార్లు వయనాడ్, కర్ణాటకలోని కొడగు (కూర్గ్) రిసార్టుల బాట పడతాయి. గొడుగులు, దోమల మందు సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు.

ప్రాణం తీసే తప్పు ఒకటే: ఎండ కాస్తోంది కదా అని వంకలో, అంటే వాగులో, దిగడం. ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన చూసే అనంతపురం వాళ్లకు, కాటేజీ వెనకే నీళ్లు గలగలా పారుతుంటే కాలాగదు. కానీ ఆ వంకలోకి కంటికి కనబడని పై కొండ వాన కూడా వచ్చి చేరుతుంది. నానిన నేల ఇంక తాగలేదు, పడింది పడినట్టే కిందికి దిగుతుంది. ముందు తేటనీళ్లు ఎర్రబారతాయి, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తాయి, చప్పుడు పెరుగుతుంది. అప్పుడు చెప్పుల కోసం చూడొద్దు. వంక వెంబడి కిందికి పరుగెత్తొద్దు, పక్కకు తిరిగి గట్టెక్కండి. నీళ్లు ఉన్నట్టుండి తగ్గినా లేవాల్సిందే. పైన మట్టి, చెట్లు అడ్డం పడి ఉండొచ్చు. అడ్డు తెగితే ఏమవుతుందో, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు మీదపడ్డ రాజంపేట వైపు ఊళ్లకు తెలుసు.

గది బుక్ చేసే ముందే అడగండి: వంకకు ఎంత దూరం, వెనక కొండను తొలిచి కట్టారా? వంక కనబడే గదికి ఎక్కువ డబ్బు కట్టడం ఎండాకాలం ముచ్చట, వానాకాలంలో వద్దు. గోడలో కొత్త పగులు, బిగుసుకుపోయే తలుపు, నేలలోంచి ఉబికే బురదనీళ్లు కనబడితే ఆ రాత్రి అక్కడ పడుకోవద్దు.

ప్యాంటు అంచు సాక్సులో దోపండి. జలగ పట్టితే లాగొద్దు, నోటి దగ్గర గోరు పెట్టి పక్కకు నెట్టండి. సబ్బుతో కడిగి గుడ్డతో నొక్కిపట్టండి. దాని ఎంగిలికి రక్తం గడ్డకట్టదు, కాసేపు కారుతుంది. బూటు దులపకుండా తొడగొద్దు. టార్చి లేకుండా మెట్టు దిగొద్దు. పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, కాలు కదపనీయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. కాలికి పుండుంటే బురద తొక్కొద్దు, ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) పట్టుకుంటుంది. రోడ్డు మీద అడుగు లోతు నీళ్లు పారుతున్నా కారు దించొద్దు, తేలిపోతుంది. వయనాడ్ పోయే దారిలో బండీపుర అడవిదారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, ఇంట్లో తెల్లవారకముందే బయలుదేరండి. వంకలో దిగొద్దు. ఫోటోకైనా దిగొద్దు. ఇంటికొచ్చాక మూడు వారాల్లో జ్వరం వస్తే, అడవికి పోయొచ్చినామని డాక్టరుకు మొదటే చెప్పండి.