అమ్మానాన్నలు అమెరికా వచ్చినప్పుడు మైచార్ట్ ఎలా సిద్ధం చేసుకోవాలి

మే నెల వచ్చిందంటే అమెరికాలో మన వాళ్ళ ఇళ్ళకి అమ్మానాన్నల రాక మొదలవుతుంది. సూట్‌కేసుల్లో ఆవకాయ, కారప్పొడులతో పాటు ఆరు నెలలకి సరిపడా మందులూ దిగుతాయి. మాది తెనాలి. నేను ఒహాయోలో ఒక హాస్పిటల్లో ఎపిక్ సాఫ్ట్‌వేర్ టీమ్‌లో పని చేస్తాను. డాక్టర్లు, నర్సులు రోజంతా చూసే స్క్రీన్లు సరిగ్గా పని చేసేలా చూడటం నా ఉద్యోగం. తెలిసినవాళ్ళు నాకు ఫోన్ చేసేది ఎక్కువగా పెద్దవాళ్ళని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాకే. అప్పుడు చేయగలిగింది తక్కువ. వాళ్ళు వచ్చిన మొదటి వారంలోనే, ఒంట్లో బాగున్నప్పుడే, కింద రాసిన పనులు చేసిపెట్టుకోండి.

ముందు ఎపిక్ అంటే ఏమిటో రెండు మాటలు. 1979లో జూడీ ఫాక్‌నర్ అనే ఆవిడ విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో, ఒక బేస్‌మెంట్‌లో పెట్టిన కంపెనీ ఇది. ఇప్పుడు పక్కనే వెరోనా ఊళ్ళో పెద్ద క్యాంపస్ ఉంది. మేయో క్లినిక్, క్లీవ్‌లాండ్ క్లినిక్, కైజర్ లాంటి పెద్ద సంస్థలు పేషెంట్ రికార్డులు రాసుకునేది దీంట్లోనే. ఆ రికార్డు పేషెంట్‌కి కనపడే యాప్ మైచార్ట్. కొన్నిచోట్ల దాన్ని హాస్పిటల్ సొంత పేరుతో పిలుస్తారు.

చాలామంది ఎపిక్ దగ్గర ఒకే పెద్ద రికార్డు ఉంటుందనుకుంటారు. అలా ఉండదు. ఏ హాస్పిటల్ రికార్డు ఆ హాస్పిటల్‌దే. మీ అమ్మగారు మీ ఇంట్లో మూడు నెలలు, డాలస్‌లో తమ్ముడింట్లో మూడు నెలలు ఉంటే రెండు చోట్ల రెండు మైచార్ట్ ఖాతాలు అవుతాయి. యాప్‌లో "లింక్ మై అకౌంట్స్" అని ఉంటుంది. దాంతో రెండూ కలిపి ఒకేచోట చూసుకోవచ్చు. డాక్టర్ల వైపు కేర్ ఎవ్రీవేర్ అనే ఏర్పాటు ఉంది. దాని ద్వారా ఒక హాస్పిటల్ డాక్టరు ఇంకో హాస్పిటల్ రికార్డు తెప్పించుకుంటారు. ఆ వెతుకులాటకి ఆధారం పేరు, పుట్టిన తేదీ, అడ్రస్ లాంటి వివరాలే. మన వాళ్ళకి చిక్కు వచ్చేది సరిగ్గా అక్కడే.

మన పేర్ల సంగతి మీకు తెలియంది కాదు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు రెండు మూడు ముక్కలుగా ఇంకోచోట. కొందరికి పాస్‌పోర్ట్‌లో ఒకటే పేరు ఉంటే వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. ఫస్ట్ నేమ్ తెలియదు అని దానర్థం. దాన్నే పేరనుకుని రిజిస్ట్రేషన్లో టైప్ చేస్తారు. మొదటిసారి "వెంకట సత్యనారాయణ" అని, తర్వాతిసారి "సత్యం" అని చెబితే ఒకే మనిషికి రెండు చార్టులు, అంటే రెండు పేషెంట్ రికార్డులు, తయారవుతాయి. ఒకదాంట్లో పెన్సిలిన్ అలర్జీ ఉంటుంది, డాక్టరు తెరిచిన రెండోదాంట్లో ఉండదు. పుట్టిన తేదీ కూడా అంతే. స్కూల్లో వేయించిన తేదీ ఒకటి, ఇంట్లో పుట్టినరోజు చేసుకునేది ఇంకొకటి. ఎవరు అడిగినా పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరు, పాస్‌పోర్ట్‌లో ఉన్న తేదీ మాత్రమే చెప్పాలని పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. పాస్‌పోర్ట్ మొదటి పేజీ ఫోటో మీ ఫోన్లో పెట్టుకుని, రిజిస్ట్రేషన్ కౌంటర్లో చూపించడం ఇంకా మంచిది. రెండు చార్టులు ఉన్నాయని అనుమానం వస్తే మెడికల్ రికార్డ్స్ విభాగానికి ఫోన్ చేసి "డూప్లికేట్ చార్ట్ ఉంది, మెర్జ్ చేయండి" అనండి. ఆ మాటకి ఏం చేయాలో వాళ్ళకి తెలుసు.

ఖాతా తెరవడం తేలిక. మొదటి విజిట్ అయ్యాక ఇచ్చే కాగితం మీద గానీ, మెసేజ్‌లో గానీ యాక్టివేషన్ కోడ్ వస్తుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదే అని వెనకాడకండి, ఆ కోడ్ ఉంటే చాలు. ఖాతా మీ నాన్నగారి పేరు మీదే ఉండాలి. ఆయన పాస్‌వర్డ్‌తో మీరు లాగిన్ అవ్వకుండా, "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ యాక్సెస్"లోకి వెళ్ళి ఆయన చేత మీకు అనుమతి ఇప్పించండి. దీన్నే ప్రాక్సీ అంటారు. అప్పుడు యాప్‌లో డాక్టరుకి మెసేజ్ పంపింది కూతురా, పేషెంటేనా అన్నది నర్సుకి తెలుస్తుంది. "ఛాతీలో బరువుగా ఉంది" అని పక్కన కూర్చున్న మనిషి రాయడానికీ, మూడు రాష్ట్రాల అవతల ఉన్న కూతురు విని రాయడానికీ తేడా ఉంది కదా. అనుమతి ఇచ్చేముందు దేనికి ఇస్తున్నారో ఆయనకి తెలుగులో వివరంగా చెప్పండి. ఏ విషయాలు పిల్లలకి తెలియాలో తేల్చుకునే హక్కు ఆయనది.

ఇక మందులు. అన్నింటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టండి. మన బ్రాండ్ పేర్లు ఇక్కడి వాళ్ళకి అర్థం కావు. నర్సుకి "టెల్మా" అని చెబితే ఎపిక్‌లో వెతుకుతారు. దొరక్కపోతే మామూలు అక్షరాల్లో టైప్ చేసి వదిలేస్తారు. అలా టైప్ చేసిన మందుని సిస్టమ్ మందుగా గుర్తించదు. ఇంకో మందుతో పడకపోయినా హెచ్చరిక రాదు. అందుకే మాత్రల షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు, మి.గ్రా. ఎంతో చూసి రాసుకోవాలి. టెల్మా 40 అంటే టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. టెల్మా-ఏఎమ్‌లో దానితో పాటు ఆమ్లోడిపిన్ కూడా ఉంటుంది. గ్లైకోమెట్-జీపీ అంటే గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్, థైరోనార్మ్ అంటే లెవోథైరాక్సిన్. డోలో 650లో ఉన్న పారాసిటమాల్‌ని ఇక్కడ అసెటమినోఫెన్ అంటారు. టైలెనాల్ అదే. రెండూ కలిపి వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది, లివర్‌కి ప్రమాదం. ఒక బిళ్ళలో రెండు మూడు మందులుంటే దేనికది విడిగా ఒక్కో లైన్‌లో రాయండి.

మన దగ్గర మామూలుగా రాసే కొన్ని మందులు అమెరికాలో అసలు అమ్మరు. బీపీకి వాడే సిల్నిడిపిన్, షుగర్‌కి వాడే విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, గ్యాస్ బిళ్ళల్లో కలిసి ఉండే డాంపెరిడోన్ అలాంటివే. వీటి పేరుతో పాటు ఏ రకం మందో కూడా చెబితే డాక్టరుకి సులువు. సిల్నిడిపిన్ ఆమ్లోడిపిన్ కుటుంబానిది. టెనెలిగ్లిప్టిన్ ఇక్కడి జనూవియా కుటుంబానిది. గుండె వాల్వు ఆపరేషన్ అయినవాళ్ళు వేసుకునే ఆసిట్రోమ్ కూడా ఇక్కడ దొరకదు. అది వార్ఫరిన్ లాగా రక్తం గడ్డకట్టకుండా చూసే మందు. ఇది చార్టులో లేకుండా తలకి దెబ్బ తగిలి ఎమర్జెన్సీకి వెళితే ఎంత ప్రమాదమో ఊహించండి. ఇంగ్లీషు మందులే కాదు, అశ్వగంధ, కషాయాలు, హోమియో మాత్రలు కూడా రాయాలి. "అవి మందులు కావుగా" అని మా అత్తయ్య అన్నట్టే మీ ఇంట్లోనూ అంటారు. అయినా రాయండి.

ఈ జాబితాని అపాయింట్‌మెంట్‌కి ముందు ఈ-చెక్ఇన్‌లో మీరే నింపవచ్చు. కానీ అది పేషెంట్ చెప్పిన సమాచారంగానే ఉంటుంది. విజిట్‌లో నర్సు చూసి ఒప్పుకున్నాకే అసలు జాబితాలో చేరుతుంది. కాబట్టి ప్రింట్ కూడా తీసుకెళ్ళి, "ఇవన్నీ ఎక్కించారా?" అని అడిగి బయటకి రండి.

అక్కడే ఉన్నప్పుడు భాష తెలుగు అని, ఇంటర్‌ప్రెటర్ కావాలని రాయించండి. చార్టులో దానికి ప్రత్యేకమైన గడి ఉంది. ఫెడరల్ డబ్బు తీసుకునే హాస్పిటల్ ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి, అది చట్టం. మీకు ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా ఇది వదులుకోవద్దు. కొడుకు ముందు తల్లి చెప్పుకోలేని ఇబ్బందులు చాలా ఉంటాయి.

టెస్టు రిజల్ట్స్ విషయంలో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. పేషెంట్ రికార్డు పేషెంట్‌కి ఆలస్యం లేకుండా చూపించాలనే క్యూర్స్ చట్టం కింద 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధనల వల్ల రిపోర్టు తయారవగానే యాప్‌లో పడుతుంది. డాక్టరు చూడకముందే మీరు చూసేస్తారు. చాలా రాష్ట్రాల్లో బయాప్సీ అయినా అంతే. రాత్రి పదింటికి ఫోన్ మోగితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. డాక్టరుతో మాట్లాడేదాకా చూడకూడదనుకుంటే సెట్టింగ్స్‌లో రిజల్ట్స్ నోటిఫికేషన్లు ఆపేయండి. చూసినా, రేంజ్ దాటిందని గుర్తు పడిన ప్రతిదీ జబ్బు కాదు.

మెసేజ్‌లు ముందు నర్సులు చూస్తారు, జవాబుకి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. అర్జెంటు విషయాలు అందులో రాయకండి. డాక్టరు ఎక్కువ సమయం పెట్టాల్సిన మెసేజ్‌లకి క్లీవ్‌లాండ్ క్లినిక్ 2022 నుంచి బిల్లు వేస్తోంది. వేరే చోట్ల కూడా ఈ పద్ధతి ఉంది. విజిటర్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు ముందే కనుక్కోండి.

తిరుగు ప్రయాణానికి ముందు మూడు పనులున్నాయి. మొదటిది రికార్డులు తీసుకోవడం. యాప్‌లోని డాక్యుమెంట్ సెంటర్ నుంచి విజిట్ రికార్డులు డౌన్‌లోడ్ చేసి పెద్దవాళ్ళ ఫోన్లోనూ, మీ దగ్గరా పెట్టుకోండి. స్కాన్ తీయించుకుంటే రేడియాలజీలో సీడీ అడగండి, యాప్‌లో చాలాసార్లు రిపోర్టు మాత్రమే ఉంటుంది. పూర్తి రికార్డు కాగితాలు కావాలంటే పేషెంట్ సమాచారాన్ని కాపాడే హిపా చట్టం ప్రకారం 30 రోజుల గడువు ఉంది కాబట్టి టికెట్ తేదీ చూసుకుని ముందే అర్జీ పెట్టండి.

రెండోది, షేర్ ఎవ్రీవేర్ ఎలా వాడాలో వాళ్ళకి ఒకసారి చేసి చూపించండి. మైచార్ట్‌లో ఒక కోడ్ వస్తుంది. గుంటూరులో డాక్టరుగారు షేర్ ఎవ్రీవేర్ వెబ్‌సైట్ తెరిచి ఆ కోడ్, పుట్టిన తేదీ కొడితే తన కంప్యూటర్లోనే రికార్డు చూడగలరు, ఎపిక్ ఉండనక్కర్లేదు. కోడ్ కొద్దిసేపే పని చేస్తుంది కాబట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాకే తీయాలి.

మూడోది అందరూ మర్చిపోయేది. లాగిన్ అయ్యేటప్పుడు వచ్చే వెరిఫికేషన్ కోడ్ పెద్దవాళ్ళకి ఇక్కడ కొనిచ్చిన ప్రీపెయిడ్ నంబరుకి పోతుంది. వాళ్ళు ఇండియాలో దిగేసరికి ఆ సిమ్ పని చేయదు. విమానం ఎక్కకముందే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ కోడ్ ఈమెయిల్‌కి వచ్చేలా మార్చి, ఒకసారి బయటికి వచ్చి మళ్ళీ లాగిన్ అయి చూడండి.