ఉష్ణం లెక్కలు – నాలుగో పాఠం: థర్మామీటర్ కదలని చోట

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. గిన్నెలో మంచు ముక్కలు, కాసిని నీళ్లు వేసి, సన్నని మంట మీద కలుపుతూ రెండు నిమిషాలకోసారి థర్మామీటర్ రీడింగ్ రాసుకోమన్నాను. చేసినవాళ్ల నోటు పుస్తకంలో చాలాసేపు ఒకటే అంకె ఉంటుంది: 0, 0, 0, 0. సరిగా కలపనివాళ్లకు మధ్యలో 1, 2 కూడా వచ్చి ఉంటాయి, ఫరవాలేదు. థర్మామీటర్ పాడైందేమోనని ఒకటికి రెండుసార్లు దులిపి చూసినవాళ్లూ ఉండే ఉంటారు. అది బాగానే ఉంది. ఈ పాఠమంతా ఆ కదలని అంకె గురించే.

మూడో పాఠంలో మనం వాడిన సూత్రం గుర్తుందిగా: ఉష్ణం = ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతలో మార్పు. విశిష్టోష్ణం అంటే గ్రాము పదార్థాన్ని ఒక డిగ్రీ పెంచడానికి కావలసిన ఉష్ణం. మంచు కరుగుతున్నంతసేపూ ఉష్ణోగ్రతలో మార్పు సున్నా. సూత్రంలో వేస్తే ఉష్ణమూ సున్నాయే వస్తుంది. కానీ కింద మంట మండుతూనే ఉంది కదా! సూత్రంలో తప్పేం లేదు. అది ఉష్ణోగ్రత మారేటప్పుడు వాడాల్సింది. ఇక్కడ మారుతున్నది స్థితి.

థర్మామీటర్‌కు తెలిసేది అణువుల కదలిక ఒక్కటే. వాటి సగటు గతిజశక్తి పెరిగితే పాదరసం పైకి పోతుంది, తగ్గితే కిందికి దిగుతుంది. మంచులో ప్రతి నీటి అణువునూ చుట్టూ ఉన్న నాలుగు అణువులు హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. సున్నా డిగ్రీల దగ్గర మనం ఇచ్చే ఉష్ణం ఆ పట్టును సడలించడానికే ఖర్చవుతుంది. అణువుల స్థితిజశక్తి, అంటే వాటి అమరిక వల్ల ఉండే శక్తి, పెరుగుతుంది, కదలిక వేగం పెరగదు. అందుకే థర్మామీటర్‌కు ఏమీ తెలియదు. ఉష్ణం లోపలికి పోతూ ఉన్నా బయటికి కనిపించదు కాబట్టి దీనికి గుప్తోష్ణం అని పేరు. పేరు చూసి ఉష్ణం లోపలెక్కడో ఉష్ణంగానే దాక్కుని ఉంటుందని అనుకోకండి. అది రూపం మార్చుకుంది, అంతే.

దీన్ని మొదట జాగ్రత్తగా కొలిచినవాడు స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్. 1760ల తొలి ఏళ్లలో గ్లాస్గోలో చేసిన ప్రయోగం. అందులో గొప్ప పరికరాలేమీ లేవు, గాజు పాత్రలు, థర్మామీటర్, గడియారం. ఒక పాత్రలో మంచు, ఇంకో పాత్రలో అంతే బరువు చల్లటి నీళ్లు పెట్టి ఒకే గదిలో వదిలేశాడు. నీళ్లు 33 నుంచి 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరడానికి అరగంట పట్టింది. మంచు పూర్తిగా కరిగి అదే 40కి చేరడానికి పదిన్నర గంటలు.

ఇక్కడ ఆగి, కింది పేరా చదవకుండా మీరే లెక్క కట్టి చూడండి. ఆయన ఎంత తెలివిగా ఆలోచించాడో అప్పుడే తెలుస్తుంది.

గది ఒకటే, పాత్రలూ ఒకలాంటివే కాబట్టి రెండింటికీ అరగంటకు అందే ఉష్ణం దాదాపు సమానమని అనుకోవచ్చు. అరగంట ఉష్ణం నీళ్లను 7 డిగ్రీలు పెంచింది. పదిన్నర గంటలంటే 21 అరగంటలు. 21 × 7 = 147. అంటే అంతే బరువున్న నీళ్లను 147 డిగ్రీలు పెంచగలిగినంత ఉష్ణం మంచు పాత్రలోకి పోయింది. అందులో కరిగిన నీళ్లు 32 నుంచి 40కి రావడానికి ఖర్చయింది 8. మిగతా 139 ఏమైనట్టు? కరగడానికే పోయింది. 139 ఫారన్‌హీట్ డిగ్రీల తేడా అంటే సెల్సియస్‌లో సుమారు 77. గ్రాము నీటిని ఒక సెల్సియస్ డిగ్రీ పెంచడానికి ఒక కెలోరీ కావాలి కాబట్టి, గ్రాము మంచు కరగడానికి 77 కెలోరీలు. ఈనాటి విలువ సుమారు 80. గడియారంతో అంత దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

ఇక మనకు కావలసిన అంకెలు. ఇకనుంచి ఉష్ణాన్ని జౌళ్లలో కొలుద్దాం, ఒక కెలోరీ అంటే సుమారు 4.2 జౌళ్లు. గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్లు, ఇది ద్రవీభవన గుప్తోష్ణం. గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి 2260 జౌళ్లు, ఇది బాష్పీభవన గుప్తోష్ణం. విశిష్టోష్ణాలు పాతవే: నీటికి 4.2, మంచుకు 2.1. స్థితి మారేటప్పటి సూత్రంలో ఉష్ణోగ్రత అసలు ఉండదు: ఉష్ణం = ద్రవ్యరాశి × గుప్తోష్ణం.

రెండో అంకె మొదటిదానికి దాదాపు ఏడింతలు. కరిగేటప్పుడు అణువులు పట్టు సడలించుకుంటాయే కానీ ఒకదాన్నొకటి వదలవు, అందుకే నీళ్లు గిన్నెలో నిలుస్తాయి. ఆవిరయ్యేటప్పుడు పూర్తిగా విడిపోవాలి. అదీగాక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 1.7 లీటర్ల చోటు కావాలి, అంత గాలిని పక్కకు నెట్టాలి. ఆ నెట్టడానికే 2260లో 170 జౌళ్ల దాకా పోతుంది.

లెక్క చేసే పద్ధతికి వద్దాం. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఒక అడుగులో ఉష్ణోగ్రతైనా మారాలి, స్థితైనా మారాలి, రెండూ కలిసి మారకూడదు. 50 గ్రాముల మంచు మైనస్ 10 డిగ్రీల దగ్గర ఉంది, దాన్ని 100 డిగ్రీల ఆవిరిగా మార్చాలి అనుకుందాం. మంచు మంచుగానే సున్నాకు రావడానికి 50 × 2.1 × 10 = 1,050 జౌళ్లు. సున్నా దగ్గరే కరగడానికి 50 × 334 = 16,700. నీరు 100కు చేరడానికి 50 × 4.2 × 100 = 21,000. ఆవిరి కావడానికి 50 × 2260 = 1,13,000. మొత్తం 1,51,750 జౌళ్లు. ఇందులో దాదాపు నాలుగింట మూడు వంతులు చివరి అడుగుకే పోయింది, అదీ థర్మామీటర్ ఒక్క గీత కూడా కదలకుండా.

వెనక్కి వచ్చేటప్పుడు ఇచ్చినదంతా తిరిగి వస్తుంది. ఆవిరి నీరైతే గ్రాముకు 2260 జౌళ్లు బయటికి వదులుతుంది. వేడినీళ్ల కంటే ఆవిరి ఎందుకంత దారుణంగా కాలుస్తుందో ఇప్పుడు లెక్కకట్టవచ్చు. 100 డిగ్రీల నీరు ఒక గ్రాము చర్మం మీద పడి 37 డిగ్రీలకు చల్లారితే ఇచ్చేది 4.2 × 63, అంటే సుమారు 265 జౌళ్లు. అదే 100 డిగ్రీల ఆవిరైతే 2260 + 265 = 2,525. తొమ్మిది రెట్లకు పైనే.

ఇప్పుడు అందరూ జారిపడే చోటు చూపిస్తాను. 30 డిగ్రీల నీళ్లు 200 గ్రాములున్నాయి. అందులో సున్నా డిగ్రీల మంచు 100 గ్రాములు వేశాం. బయటి ఉష్ణం లోపలికి రావట్లేదనుకోండి. చివరికి ఉష్ణోగ్రత ఎంత?

చాలామంది నేరుగా సమీకరణం రాసేస్తారు. నీళ్లు సున్నాకు దిగితే ఇచ్చే ఉష్ణం 200 × 4.2 × 30 = 25,200. అందులోంచి మంచు కరగడానికి కావలసిన 33,400 తీసేసి, మిగిలినదాన్ని 300 × 4.2తో భాగిస్తారు. జవాబు మైనస్ 6.5 డిగ్రీలు! సున్నా డిగ్రీల మంచును 30 డిగ్రీల నీళ్లలో వేస్తే రెండింటి కంటే చల్లగా అయిందట. నేను చదువుకునే రోజుల్లో ఇలాంటి జవాబు కింద రెండు గీతలు కొట్టి మరీ పేపర్ ఇచ్చి వచ్చాను. మార్కుల సంగతి అడగకండి.

తప్పు భాగహారంలో లేదు. మంచంతా కరుగుతుందని ముందే అనుకోవడంలో ఉంది. నీళ్ల దగ్గర ఉన్నది 25,200 జౌళ్లే, మంచు అడుగుతున్నది 33,400. ఉన్న ఉష్ణంతో కరిగేది 25,200 ÷ 334, సుమారు 75 గ్రాములు. మిగతా 25 గ్రాములు మంచుగానే తేలుతుంటుంది, ఉష్ణోగ్రత సున్నా దగ్గర ఆగిపోతుంది. కాబట్టి మిశ్రమాల లెక్క ఏదైనా సమీకరణం రాసే ముందు ఇచ్చేవాడి దగ్గర ఎంతుందో, అడిగేవాడికి ఎంత కావాలో విడివిడిగా రాసుకోండి. సరిపోతేనే చివరి ఉష్ణోగ్రత వెతకాలి.

సాధనకు మూడు లెక్కలు, జవాబులు ఐదో పాఠంలో. మొదటిది పైన చేసినదే, కాకపోతే మంచు 100కు బదులు 60 గ్రాములు. ఉష్ణం సరిపోతుందో లేదో చూశాకే ముందుకెళ్లండి.

రెండోది పొయ్యి దగ్గర చేయాలి. అర కిలో నీళ్లు కొలిచి, ఉష్ణోగ్రత చూసి, మరగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. మంట మార్చకుండా సరిగ్గా అన్ని నిమిషాలే ఇంకా మరగనిచ్చి, దించి, చల్లారాక తూచండి. ఎన్ని గ్రాములు తగ్గాయి? దాన్నిబట్టి బాష్పీభవన గుప్తోష్ణం లెక్కకట్టండి. సరిగ్గా 2260 రాదు. ఎందుకు రాలేదో మీకు తోచిన రెండు కారణాలు రాయండి, నాకు జవాబు కంటే అవే ముఖ్యం.

మూడోది: ఏసీని ఒక టన్ను, ఒకటిన్నర టన్ను అంటాం కదా, ఆ టన్ను యంత్రం బరువు కాదు. సున్నా డిగ్రీల మంచు 2,000 పౌండ్లు, అంటే 907 కిలోలు, 24 గంటల్లో కరగడానికి ఎంత ఉష్ణం కావాలో, అంత ఉష్ణాన్ని అంతే సమయంలో గదిలోంచి తీసేయగలగడం. 334తో మొదలుపెట్టి సెకనుకు ఎన్ని జౌళ్లో కట్టండి. మీకొచ్చిన అంకె మూడున్నర కిలోవాట్ల (సెకనుకు 3,500 జౌళ్ల) దగ్గర లేకపోతే, గ్రాములకూ కిలోలకూ మధ్య ఎక్కడో వెయ్యి తప్పిపోయి ఉంటుంది, వెతకండి.