గుత్తికోయ గూడేలకు సాయం తీసుకెళ్లే ముందు ఇది చదవండి

చలి మొదలైతే చాలు, హైదరాబాద్, వరంగల్, ఖమ్మం నుంచి దుప్పట్ల మూటలతో కార్లు ఏటూరునాగారం వైపు, భద్రాచలం వైపు బయల్దేరతాయి. మంచి పనే, ఎవరినీ వద్దనను. కానీ ఆ దుప్పటి కప్పుకునే బిడ్డకు పుట్టిన తేదీ కాగితం లేదు, వాళ్లమ్మ పేరు ఏ రేషన్ షాపు జాబితాలోనూ లేదు, రేపు ఫారెస్టువాళ్లు వచ్చి గుడిసె పీకేస్తామంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో వాళ్ల నాన్నకు తెలియదు. వస్తువు నెలకో ఏడాదికో అయిపోతుంది. జాబితాలో పేరు ఎక్కితే మాత్రం ఏళ్ల తరబడి తిండి వస్తుంది. సాయం చెయ్యాలనుకునేవాళ్లు సగం డబ్బు, సగానికి మించి ఓపిక ఈ రెండో పని మీద పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ముందు వీళ్లెవరో తెలుసుకుని వెళ్లండి. ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటి ఇటు వచ్చిన కోయ ఆదివాసీలనే ఇక్కడ గుత్తికోయలంటారు. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో, అప్పటి దంతెవాడ జిల్లాలో, మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ దండు మొదలైంది. ఒక పక్క జుడుం, పోలీసు బలగాలు, ఇంకో పక్క మావోయిస్టు దళాలు, మధ్యలో ఊళ్లు. ఇళ్లు తగలబడ్డాయి, కొందరిని రోడ్డు పక్క క్యాంపులకు తరలించారు, క్యాంపులకు పోవడానికి భయపడ్డవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని అడవి దాటి ఇటు వచ్చేశారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆదివాసీ యువకుల్ని ప్రత్యేక పోలీసులుగా (ఎస్పీవోలుగా) పెట్టి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది, కానీ అప్పటికే ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఎక్కువగా వినిపించే అంచనా ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవాళ్లు యాభై వేల దాకా ఉంటారు. ఇప్పుడు ములుగు, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో, గోదావరికి అవతల చింతూరు వైపు అడవుల్లో గుంపులు గుంపులుగా ఉంటున్నారు. అందరూ కాల్పులకు భయపడే రాలేదు, అంతకుముందే పోడు (అడవి నరికి చేసే సాగు) కోసమో కూలి కోసమో వచ్చినవాళ్లూ ఉన్నారు. అవతలివాళ్లు చెప్పకుండా మీరు అడగొద్దు.

అడగొద్దు అన్నాను కదా, దాని గురించి ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే నష్టపోయేది మీరు కాదు. ఎందుకొచ్చారు, ఎవరు తగలబెట్టారు, అన్నలు (మావోయిస్టులు) ఇప్పుడూ వస్తున్నారా లాంటి ప్రశ్నలు ఆ గూడెంలో నోరు దాటకూడదు. రెండు వైపులా ఇన్‌ఫార్మర్ అన్న అనుమానం మీదే మనుషులు చచ్చిపోయిన ప్రాంతం నుంచి వచ్చారు వాళ్లు. పగటి పూటే వెళ్లండి, నలుగురూ చూసేలా వెళ్లండి. ఏ రోజు, ఎంతమంది, ఏం తెస్తున్నారో ముందే సర్పంచికి చెప్పి తహసీల్దార్ ఆఫీసులోనో, గిరిజనాభివృద్ధి ఆఫీసు ఐటీడీఏలోనో ఒక కాగితం ఇచ్చి రండి. పోలీసు బండి వెనకాల వెళ్లొద్దు, ఎవరి తరఫునా ఉత్తరం గానీ కబురు గానీ మొయ్యొద్దు. ఫొటోలు తీసినా ముఖాలు, ఊరి పేరు, మ్యాప్ లొకేషన్ కలిపి ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. బియ్యం మూట ఇస్తూ ముసలమ్మ చేత నవ్వించి తీసే ఫొటో అసలే వద్దు.

భాష సంగతి. పెద్దవాళ్లలో చాలామందికి తెలుగు కూలి పనులకు సరిపడేంతే వస్తుంది, ఆడవాళ్లకు అదీ తక్కువ. కోయ మాట్లాడే మనిషి లేకుండా వెళ్లడం దండగ. స్థానిక కోయ గూడెం నుంచి ఆశా కార్యకర్తనో, చదువుకున్న కుర్రాణ్నో తోడు తీసుకెళ్లండి, వాళ్ల రోజు కూలి వాళ్లకివ్వండి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. భూమి విషయంలో, ఎస్టీ రిజర్వేషన్ విషయంలో స్థానిక ఆదివాసీలకు వలస వచ్చినవాళ్ల మీద కోపాలున్నాయి. ఆ కోపం ఉత్తినే పుట్టలేదు, వాళ్లూ పేదవాళ్లే. పక్క గూడేన్ని వదిలేసి వలస గుంపుకే లారీ దించారంటే మీరు వెళ్లిపోయాక ఆ లారీ ఖరీదు వీళ్లు కట్టాల్సి వస్తుంది. వైద్య శిబిరం పెడితే రెండు గూడేలకూ కలిపి పెట్టండి.

ఇక ఏం తీసుకెళ్లాలి, ఎప్పుడు. దుప్పట్లకు డిసెంబరు సరే, కానీ అసలు కష్టం వానాకాలంలో. వాగులు పొంగితే దారులు మూసుకుపోతాయి, అంబులెన్స్ రాదు, డోలీ కట్టి రోగిని మోసుకుంటూ రోడ్డు దాకా రావాలి, మలేరియా కూడా అప్పుడే. కాబట్టి మే నెలాఖరుకల్లా చేరాల్సినవి టార్పాలిన్లు, మందు పట్టించిన దోమతెరలు, మూతలున్న బిందెలు, సబ్బులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. తిండి సామాన్లయితే బియ్యం కంటే కందిపప్పు, నూనె, ఉప్పు, బెల్లం మేలు. పాత బట్టల మూటలు మాత్రం తేవొద్దు, సగం వాళ్లు కట్టుకునేవి కావు, గూడెం చివర చెత్తకుప్పగా మిగులుతాయి. మిర్చి కోతల రోజుల్లో, అంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా, కుటుంబాలకు కుటుంబాలే తోటల దగ్గర డేరాలు వేసుకుని ఉంటాయి, ఆ తర్వాత తునికాకు (బీడీ ఆకు) ఏరడానికి పోతాయి. అప్పుడు గూడేనికి వెళ్తే ముసలివాళ్లూ కుక్కలే కనిపిస్తారు. ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి.

నీళ్ల గురించి మీ కళ్లతో చూస్తే తప్ప అర్థం కాదు. ఎండిపోయిన వాగు ఇసుకలో చేత్తో గుంట తవ్వుతారు, దాన్ని చెలమ అంటారు. ఊరిన నీటిని సొరకాయ బుర్రతోనో గిన్నెతోనో కొంచెం కొంచెం తోడి, గుడ్డ అడ్డం పెట్టి బిందెలోకి వంచుతారు. పైన తేరుకున్న నీళ్లు అయిపోగానే ఆగాలి, మళ్లీ ఊరే దాకా తర్వాతి మనిషి పక్కన కూర్చుంటుంది. అది చూసిన ఎవరికైనా వెంటనే బోరు వేయించాలనిపిస్తుంది. ఆగండి. అది రిజర్వు ఫారెస్టు అయితే అనుమతి లేకుండా బోరు బండి తీసుకెళ్తే బండి సీజ్ చేస్తారు, కేసు గూడెం మీద పడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టంలో 3(2) అనే సెక్షన్ ఉంది. తాగునీరు, బడి, అంగన్‌వాడీ, రోడ్డు లాంటి 13 రకాల ప్రభుత్వ సౌకర్యాలకు హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. గ్రామసభ అంటే స్థానికులే కదా, వాళ్లతో మంచిగా ఉండమని పైన చెప్పింది ఇందుకూ పనికొస్తుంది. ఆ తీర్మానం, దరఖాస్తు రాయించి పంచాయతీ నుంచి ఐటీడీఏ దాకా వెంటపడటమే మీ పని. అది తేలేదాకా బిందెలు, వడకట్టే గుడ్డ, క్లోరిన్ బిళ్లలు, వాటిని ఎలా వాడాలో కోయలో చెప్పే మనిషి.

ఇప్పుడు పిల్లల తిండి. అంగన్‌వాడీకి వెళ్లేటప్పుడు భుజం చుట్టూ కొలిచే టేపు ఎలా వాడాలో టీచరమ్మ దగ్గర నేర్చుకోండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో ఎడమ చేయి పైభాగం చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. ఆ బిడ్డకు మీరు తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్ చాలదు, పోషకాహార పునరావాస కేంద్రానికి చేర్చాలి. తల్లి ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడానికి కారణం అడిగితే చెప్తుంది, కూలి పోతుంది, ఇంట్లో మిగతా పిల్లల్ని చూసే దిక్కు లేదు, ఆస్పత్రిలో మాట అర్థం కాదు. అక్కడ మీ డబ్బు పెట్టండి. ఆమె కూలి నష్టం, ఇంటి దగ్గర పిల్లలకు సరుకులు, ఆస్పత్రిలో తోడుండే కోయ మనిషికి ఖర్చులు. ఈ పని ఫొటోకి రాదు, కానీ బిడ్డ బతుకుతుంది.

గర్భిణులకు, బాలింతలకు తెలంగాణలో అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట భోజనం ఉంది, చిన్నపిల్లలకు బాలామృతం పిండి ఉంది. ఆధార్ లేదని పిల్లలకు రావాల్సిన లబ్ధిని ఆపకూడదని 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులోనే ఉంది. బడి కూడా అంతే. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువీకరణ లేదని చేర్చుకోకుండా పంపకూడదు, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. హెడ్మాస్టరుతో గొడవ పెట్టుకోకుండా ఈ రెండు విషయాలూ నిదానంగా చెప్పండి, చాలామందికి నిజంగానే తెలియదు.

కాగితాల పని మొదలుపెట్టేటప్పుడు ఒక నోటుబుక్కు పెట్టుకోండి, ఇంటికో పేజీ. మొదట పుట్టిన పిల్లలు. 21 రోజుల్లో నమోదైతే ఏ ఇబ్బందీ లేదు, ఏడాది దాటిందంటే మెజిస్ట్రేట్ అధికారాలున్న అధికారి ఆర్డరు కావాలి, తిరగడం మొదలవుతుంది. ఇంట్లో కాన్పు అయితే ఆశా కార్యకర్త రాసిన తల్లీబిడ్డల కార్డే పెద్ద ఆధారం, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టించండి.

తర్వాత ఆధార్. కొత్త నమోదు ఉచితం, ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వొద్దు. ఏ కాగితమూ లేనివాళ్లకు ఆధార్ సంస్థ ఉడాయ్ ఫార్మాట్‌లో గెజిటెడ్ అధికారి సంతకం చేసిన ధ్రువీకరణ పనికొస్తుంది, ఇంటి పెద్దకు ఆధార్ ఉంటే ఆయన ద్వారా మిగతావాళ్లకు దారి దొరుకుతుంది. ఇక్కడ పేర్లు జాగ్రత్త. ఛత్తీస్‌గఢ్ కార్డులో హిందీలో ఒకలా, ఇక్కడి ఆపరేటర్ చెవికి వినిపించింది ఒకలా, మడకం కాస్తా మడ్కమ్ అయి, ముచాకి కాస్తా మూచికి అయి, రెండు కాగితాలు ఇద్దరు మనుషులవైపోతాయి. అప్లికేషన్ సబ్మిట్ నొక్కే ముందు తెర మీద అక్షరం అక్షరం సరిచూసుకోండి. వేలిముద్రల టెన్షన్ కూడా ఉంటుంది, మిర్చి కోసిన చేతుల్లో గీతలు అరిగిపోతాయి, అందుకని కోతల రోజుల్లో తీసుకెళ్లకుండా ఉంటే మంచిది.

ఛత్తీస్‌గఢ్ రేషన్ కార్డు ఇంకా బతికి ఉంటే, ఆధార్ లింకు అయి ఉంటే, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఇక్కడి షాపులోనే కేంద్రం వాటా బియ్యం తీసుకోవచ్చు. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియదు. కార్డు పని చేస్తోందో లేదో మేరా రేషన్ యాప్‌లో చూడొచ్చు. ఇక కుల ధ్రువీకరణ దగ్గర అబద్ధపు ఆశలు పెట్టొద్దు. ఎస్టీ హోదా రాష్ట్రం రాష్ట్రానికీ వేరు, వలస వచ్చినవాళ్లకు కొత్త రాష్ట్రంలో రిజర్వేషన్ రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. డబ్బులిస్తే సర్టిఫికెట్ ఇప్పిస్తామనే దళారులు తిరుగుతుంటారు, దూరంగా ఉంచండి. అందుకే అవతలి ఊరి కాగితం ఏదున్నా, పాత ఓటరు స్లిప్పు అయినా, తండ్రి పట్టా అయినా, పారెయ్యకుండా ఫొటో తీసి దాచిపెట్టించండి. 2005 డిసెంబరు 13కి ముందు అటవీ భూమి నుంచి అక్రమంగా వెళ్లగొట్టబడ్డవాళ్లకు పునరావాస హక్కు అటవీ హక్కుల చట్టం 3(1)(ఎం)లో ఉంది. అమలు కావడం కష్టంగానే ఉంది, కానీ అడిగే రోజు వస్తే ఆ కాగితమే సాక్ష్యం.

ఖాళీ చేయించడానికి వచ్చినప్పుడు ఏం చెయ్యాలి. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో గుడిసెలు కూల్చేశారు, విషయం హైకోర్టుకు వెళ్లింది, ఖాళీ చేయించొద్దని కోర్టు చెప్పింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర పోడు గొడవలో ఒక ఫారెస్టు రేంజ్ ఆఫీసర్ హత్యకు గురయ్యారు. అది ఘోరం. ఆ తర్వాత ఆ నేరంతో ఏ సంబంధం లేని గుత్తికోయ కుటుంబాల్ని కూడా వెళ్లగొట్టాలని పంచాయతీ తీర్మానం చేసింది. ఈ రెండూ గుర్తుంచుకుని నడుచుకోండి. అధికారులకు అడ్డం నిలబడమని గూడేన్ని ఎగదొయ్యొద్దు, కొత్తగా చెట్లు కొట్టడానికి మీ డబ్బు వాడనివ్వొద్దు. నోటీసు వస్తే ఫొటో తీసి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పట్టుకెళ్లండి, 15100కి ఫోన్ చేసినా సరే. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. ఎస్టీనా కాదా అన్న వాదన రాకుండా ఉండాలంటే దరఖాస్తు ఆ ఇంటి ఆడవాళ్ల పేరుతో పెట్టించండి.

తిరిగి వెళ్లిపొమ్మని గానీ, ఇక్కడే ఉండమని గానీ మీరు చెప్పొద్దు. స్వదేశంలోనే నిర్వాసితులైనవాళ్ల గురించి 1998లో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన మార్గదర్శక సూత్రాలు చెప్పేది కూడా అదే, వెళ్లడమైనా ఉండిపోవడమైనా వాళ్ల ఇష్టంతో, భద్రంగా జరగాలి. ఎవరైనా సొంతూరు చూసొస్తామంటే దారి ఖర్చులివ్వండి, చూసొచ్చి వాళ్లే తేల్చుకుంటారు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. భారత పాస్‌పోర్టే ఉండి మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపిస్తే అది విదేశీ విరాళం కిందకు రాదు. పౌరసత్వం మారిందంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే ఇవ్వాలి, ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థకున్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే చేరాలి. తెలిసినాయన కదా అని ఊళ్లో ఎవరి సేవింగ్స్ ఖాతాకో పంపితే ఆయన్నీ, గూడేన్నీ కూడా చిక్కుల్లో పెట్టినట్టే. సంస్థకు ఇచ్చేటప్పుడు వస్తువులకే అని షరతు పెట్టకుండా, మండల కేంద్రానికి ఆటో ఛార్జీలకు, జిరాక్సులకు, కోయ మాట్లాడే ఒక మనిషి జీతానికి కూడా వాడుకోవచ్చని రాసివ్వండి.